రెండొందల బేరింగు, పది నిమిషాల పని

"వెనక చక్రం బేరింగు పోయింది గురువుగారూ, మార్చాలి" అని మెకానిక్ అనగానే మన నోటి నుంచి వచ్చేవి రెండే ప్రశ్నలు. ఎంతవుద్ది? ఎంతసేపు పడుద్ది? ఏ బేరింగు వేస్తున్నావని అడిగేవాళ్లు తక్కువ. దాన్ని చక్రంలోకి ఎలా దించుతావని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. "రెండొందలు, పది నిమిషాల పని" అన్నవాడు మంచి మెకానిక్. "చక్రం వదిలేసి సాయంత్రం రండి" అన్నవాడు పనిదొంగ. విజయవాడలో అయినా గుంటూరులో అయినా షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్న కస్టమర్ ఆలోచన ఇంతే.

ఆ ఆలోచనే పాత బండ్ల బేరింగుల్ని తింటోందని నా వాదన. పదిహేనేళ్ల బండికి ఏడాదికోసారి చక్రాల బేరింగులు పోతుంటే మనం బండి వయసును తిడతాం, లేకపోతే రోడ్లను, మున్సిపాలిటీని తిడతాం. వాటి పాత్ర లేదనను. అయితే అసలు దోషులు నీళ్లు, సుత్తి. నీళ్లను లోపలికి కొట్టించేది మనమే. సుత్తిని తొందరపెట్టేది కూడా మనమే, ఆ స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తూ.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత ఒకటే. గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో చాలాకాలం మెయింటెనెన్స్‌లో పనిచేశాను. నూలు మిల్లు అంటే బేరింగుల మీద నడిచే ఇల్లు. అక్కడ కొత్త బేరింగు పెట్టెను పని మొదలయ్యే నిమిషం దాకా విప్పనివ్వరు. షాఫ్టు మీదకు ఎక్కించాలంటే బేరింగును హీటర్ మీద నూట పది డిగ్రీల దాకా వేడిచేసి, చేతికి గ్లౌజు వేసుకుని, నెమ్మదిగా జరిపి కూర్చోబెట్టాలి. తీయాలంటే దాన్ని నిటారుగా లాగి ఊడదీసే పుల్లర్ పట్టాలి. ఎవరైనా కుర్రాడు సుత్తి అందుకుంటే మా ఫోర్‌మన్ నోటికి హద్దుండేది కాదు. అదే 6202 నంబరు బేరింగు గేటు దాటి రోడ్డు మీదకొస్తే, చక్రాన్ని మట్టిలో పడేసి, కాలితో తొక్కిపట్టి, ఇనుప రాడ్డుతో దాని నడినెత్తిన బాదుతుంటారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ముందు వయసు సంగతి తేలుద్దాం. బేరింగు అంటే రెండు ఉక్కు రింగులు, వాటి మధ్య దొర్లే ఉక్కు బాల్స్. 6301 అనే బేరింగును తీసుకోండి. 100 సీసీ, 125 సీసీ బండ్ల చక్రాల్లో తరచుగా కనిపించే సైజుల్లో ఇదొకటి. లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. కంపెనీల కేటలాగుల్లో దీని డైనమిక్ లోడ్ రేటింగు సుమారు 10 కిలోన్యూటన్లు, అంటే దగ్గర దగ్గర వెయ్యి కిలోల బరువు. అంత బరువు మోస్తూ తిరిగినా నూటికి తొంభై బేరింగులు కనీసం 10 లక్షల చుట్లు పూర్తిచేస్తాయని ఆ అంకెకు అర్థం. బరువు తగ్గేకొద్దీ ఆయుష్షు ఘనం లెక్కన పెరుగుతుంది. బరువు సగమైతే ఆయుష్షు ఎనిమిది రెట్లు.

ఇప్పుడు మన బండి. ఇద్దరు మనుషులు, ముందు ఒక బియ్యం సంచి. వెనక చక్రం మీద 160 కిలోలు పడ్డాయనుకుందాం. రెండు బేరింగులు పంచుకుంటే తలా 80. వెయ్యిలో ఇది పన్నెండున్నరో వంతు. పన్నెండున్నర ఘనం సుమారు 1,950. 10 లక్షల చుట్లను దాంతో హెచ్చిస్తే 195 కోట్ల చుట్లు. 18 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు 1.9 మీటర్ల దాకా పోతుంది కాబట్టి మొత్తం 37 లక్షల కిలోమీటర్లు! సరే, చైను లాగుడు ఉంది, మా విజయవాడ ఏలూరు రోడ్డు గుంతలున్నాయి, సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగాక ఎగుడుదిగుళ్లున్నాయి. వాటన్నిటి దెబ్బకు భారం ఎప్పుడూ రెట్టింపే ఉందనుకోండి. అయినా నాలుగున్నర లక్షల కిలోమీటర్లు దాటుతుంది. మీ మీటరు ఎంత చూపిస్తోందో ఒకసారి చూసుకోండి, అది పనిచేస్తుంటే.

ఈ లెక్కలో కిటుకు లేకపోలేదు. లోపల గ్రీజు శుభ్రంగా ఉండాలి, బిగింపు సరిగ్గా ఉండాలి. గ్రీజు ఏళ్ల తరబడి వాడకంలో గట్టిపడి, నూనె వదిలేస్తుంది కూడా. కాబట్టి ఇరవై ఏళ్ల బండికి మొదటిసారి బేరింగులు మార్చాల్సి వస్తే అందులో వింతేం లేదు, వాటిని గౌరవంగా సాగనంపండి. నా పేచీ రెండోసారి, మూడోసారి గురించి. కొత్తగా వేసిన బేరింగు ఆరు నెలల్లో గరగరమంటే దానికి వయసు కారణం ఎలా అవుతుంది?

మొదటి దోషి నీళ్లు. బేరింగుకు రెండు పక్కలా ఉండే రబ్బరు సీలు దుమ్మును, వాన తుంపరలను ఆపడానికి పెట్టింది. వాటర్ సర్వీస్ గన్ను దగ్గరగా పెట్టి, చక్రం నడిమధ్యన బేరింగులు కూర్చునే హబ్బు మీదకు కొడితే ఆ సీలు ఆగదు. అసలు ప్రమాదం ఇంకోటుంది. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో బ్రేకులు తొక్కుకుంటూ వచ్చిన బండి హబ్బు బాగా వేడెక్కి ఉంటుంది. దిగీ దిగగానే చన్నీళ్లు కొడితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోయి, సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాగేస్తుంది. బండి తళతళలాడుతూ బయటికొస్తుంది. లోపల గ్రీజు మజ్జిగ రంగుకు తిరగడం అప్పుడే మొదలవుతుంది. వారానికోసారి ఫోమ్ వాష్ చేయించే పెద్దమనుషుల బండ్లకన్నా, నెలల తరబడి మట్టి కొట్టుకుని తిరిగే పాలవాళ్ల బండ్ల బేరింగులే ఎక్కువకాలం రావడం నేను చూశాను. మట్టి మంచిదని కాదు, ఆ బండి మీద ఎవరూ గన్ను పెట్టలేదు.

దీనికి విజయవాడలో అందరికీ తెలిసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊరి మీద పడ్డప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు వేల బండ్లు నీళ్లలో మునిగాయి. కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ప్రభుత్వం మునిగిన టూవీలర్‌కు 3 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఆ తర్వాత ఆ వైపు మెకానిక్ షెడ్ల ముందు బండ్లు వరసలు కట్టాయి. అందరూ ఇంజనాయిలు మార్పించారు, కార్బొరేటర్ కడిగించారు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు వేయించారు, సైలెన్సర్‌లో నీళ్లు వంపించారు. బండి స్టార్టయింది కదా, చాలనుకున్నారు. చక్రాలు విప్పించినవాళ్లు ఎంతమంది?

మా బావమరిది బండీ ఆ వరసలోనే ఉంది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు "బావా, బండి నలభై దాటితే ఎక్కడో విమానం పోతున్నట్టు మోత" అన్నాడు. టైరు గాలి అన్నాడొకడు, చైను స్ప్రాకెట్ అన్నాడింకొకడు, చైను సెట్టు కొత్తది వేయించాడు కూడా. మోత తగ్గలేదు. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీద పెడితే ఆ గరగర నేరుగా అరచేతికి తెలిసింది. విప్పి చూస్తే గ్రీజు కాఫీ మడ్డిలా ఉంది. బండి నీళ్లలో కదలకుండా నిలబడ్డ రోజుల్లో బాల్స్ ఎక్కడ ఆగి ఉన్నాయో సరిగ్గా ఆ దూరాల్లోనే రేసు మీద, అంటే బాల్స్ దొర్లే గాడి మీద, తుప్పు చుక్కలు. ఆ చుక్కల మీద తిరిగే ప్రతి చుట్టుకూ చుక్క పెద్దదవుతూ వచ్చింది. వరదలో మునిగి, ఇంతవరకు హబ్బులు విప్పని బండి మీ ఇంట్లో ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి వెళ్లి చక్రం తిప్పి చూడండి.

తిప్పి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. చక్రం ఊగుతుంటే ప్రతిసారీ బేరింగే అనుకోవద్దు. ముందు చక్రం దగ్గర కోన్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగు, వదులైనా ఊపు ఒకేలా తెలుస్తుంది. వెనక పక్క స్వింగార్మ్ బుష్షులు అరిగినా అంతే. ఒకరు టైరును పైనా కిందా పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు వంగి, ఊపు హబ్బుకూ, చక్రం ఇరుసైన యాక్సిల్‌కూ మధ్య వస్తోందా, స్వింగార్మ్ మొత్తం కదులుతోందా అన్నది కళ్లతో చూడాలి. చక్రం విప్పాక అనుమానమే ఉండదు. బేరింగు లోపలి రింగులో వేలు పెట్టి తిప్పండి. బాగున్నది వెన్నలా తిరుగుతుంది. పోయినది వేలికి గరుకు చూపిస్తుంది, లేదా ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది.

ఇక రెండో దోషి సుత్తి. చక్రం హబ్బులో చెరో పక్క ఒక బేరింగు, వాటి మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటాయి. కొందరు దాన్ని డిస్టెన్స్ పీస్ అంటారు, కొందరు స్పేసర్ అంటారు. వెనక పక్క చాలా బండ్లకు స్ప్రాకెట్ బిగించే డ్రమ్ములో ఇంకో బేరింగు ఉంటుంది. చైను లాగుడంతా పడేది దాని మీదే కాబట్టి చైను బిగుతుగా పెట్టుకుని తిరిగే బండ్లకు ముందు అదే పోతుంది. ఇంత చిన్న ఏర్పాటులో తప్పు జరగడానికి చాలా తావుంది.

బేరింగు బయటి రింగు హబ్బులో బిగుతుగా కూర్చుంటుంది. కాబట్టి దించేటప్పుడు దెబ్బ గానీ ఒత్తిడి గానీ ఆ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా ప్రయాణించి బయటి రింగుకు చేరాలి. ఉక్కు బాల్ ఆనే చోటు ఆవగింజంత కూడా ఉండదు. అక్కడ సుత్తి దెబ్బంతా పడితే రేసులో కంటికి కనపడనంత సన్న గుంట పడుతుంది. ఆ నిమిషాన ఏమీ తెలియదు. చక్రం తిరుగుతుంది, మెకానిక్ నవ్వుతాడు, మనం డబ్బులిచ్చి వెళ్తాం. నాలుగైదు నెలలకు ఆ గుంట దగ్గర్నుంచే పొరలు లేస్తాయి. అప్పుడు మనం, బేరింగు డూప్లికేటు అంటాం. డూప్లికేట్లు ఉన్నాయి, ఆ సంగతికి వస్తాను. కానీ అసలైన బేరింగును డూప్లికేటుగా మార్చగల సత్తా సుత్తికుంది.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. బయటి రింగు కొలతకు సరిపోయే సాకెట్, లేదా ఇప్పుడే తీసిన పాత బేరింగు రింగే ఆనించి, చుట్టూ సమానంగా తట్టుకుంటూ దించాలి. అడుగుకు చేరగానే శబ్దం మారుతుంది. మెత్తటి చప్పుడు పోయి ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. మిల్లులో మేం వాడిన వేడి కిటుకును ఇంట్లో తిరగేసి వాడొచ్చు, బేరింగును చల్లబరిచి, హబ్బును వేడిచేసి. బేరింగును పాలిథిన్ కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన బేరింగు ఏంటని ఇంట్లో అడుగుతారు, అడగనివ్వండి. అల్యూమినియం వేడికి ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హబ్బును హాట్ ఎయిర్ గన్‌తో నూరు డిగ్రీల దగ్గరికి తెస్తే బేరింగు కూర్చునే గది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాకా పెరుగుతుంది. ఫ్రీజర్‌లో బేరింగు యాభయ్యో వంతు దాకా తగ్గుతుంది. బిగింపు ఉండేదే అంతలో అంత. చాలాసార్లు బొటనవేళ్లతో నొక్కితే దిగిపోతుంది. హాట్ గన్ లేకపోతే మన మే నెల ఎండలో చక్రాన్ని డాబా మీద గంటసేపు పెట్టండి, కొంత పని అదే చేసిపెడుతుంది.

రెండో బేరింగు దగ్గర ఇంకో ఆపద ఉంది. మొదటి పక్క బేరింగు అడుగు దాకా పోవాలి. ఆ తర్వాత మధ్య గొట్టం పెట్టి, రెండో పక్క బేరింగును దాని లోపలి రింగు గొట్టానికి ఆనేదాకా మాత్రమే దించాలి. ఆనాక ఇంకా కొడితే రెండు బేరింగుల లోపలి రింగులూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బాల్స్‌ను పక్కకు నొక్కుతూ ఉంటాయి. చక్రం చేత్తో తిప్పితే బరువుగా ఆగిపోతుంది. "కొత్త బేరింగు కదా సార్, నడిస్తే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు, కాలుతుంది. అసలు గొట్టం పెట్టడం మరిచిపోయినా, చివర్లు నలిగి పొట్టిదైపోయిన గొట్టాన్నే మళ్లీ వాడినా ఇదే గతి. యాక్సిల్ నట్టు బిగించినకొద్దీ లోపలి రింగులు దగ్గరికి లాక్కుంటాయి. నట్టు వదులుగా ఉంటే చక్రం బాగా తిరిగి, బిగించగానే పట్టేస్తుంటే గొట్టాన్ని అనుమానించండి. కొత్త గొట్టం వంద రూపాయల వస్తువు కూడా కాదు, దొరక్కపోతే లేత్ మీద చేయించుకోవచ్చు.

మూడో ఆపద, నన్ను ఎక్కువగా బాధపెట్టేది, హబ్బు గది వదులైపోవడం. తుప్పుపట్టి బిగిసిపోయిన బేరింగుతో బండి చాలాకాలం నడిస్తే బయటి రింగే హబ్బులో తిరగడం మొదలుపెట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ తర్వాత కొత్త బేరింగు వేలితో తోస్తే జారి పడిపోతుంది. దానికి మన వీధుల్లో రెండు మందులున్నాయి. ఒకటి, గది గోడ నిండా సెంటర్ పంచ్‌తో చుక్కలు పొడవడం. రెండు, ఏదో డబ్బా రేకు ముక్క కత్తిరించి చుట్టూ పెట్టి కొట్టడం. రెండూ ఆ పూటకు గట్టిగానే ఉంటాయి. కానీ బేరింగు నాలుగు చుక్కల మీదో, ఒక రేకు అంచు మీదో నిలబడితే వంకరగా కూర్చుంటుంది, నెలల్లో మళ్లీ వదులవుతుంది. కొద్దిపాటి వదులుకు బేరింగులు అతికించే గమ్ము దొరుకుతుంది, గ్రీజు మరక లేకుండా తుడిచి వాడితే బాగా పట్టుకుంటుంది. ఎక్కువ వదులైతే గదిని లేత్ మీద పెంచి, బుష్షు చేసి ప్రెస్ చేయించి, మళ్లీ కొలతకు తీయించాలి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. లారీ ఇంజన్లనే కొత్తగా చేసిపెట్టే ఆటోనగర్ మన ఊళ్లో ఉంది. మోటార్‌సైకిల్ హబ్బు అక్కడి టర్నర్‌కు టీ తాగుతూ చేసే పని. అయినా మనం ఆటోనగర్ దాకా పోం, ఎందుకంటే అది పది నిమిషాల్లో అవదు.

బేరింగు కొనడం దగ్గర కొంచెం ఆగుదాం. పాత బేరింగు సీలు మీదో రింగు మీదో నంబరు ఉంటుంది, అది చూసుకుని వెళ్లండి. నాలుగంకెల్లో మొదటి రెండూ బేరింగు దళసరి తరగతి, 62 కన్నా 63 బలమైనది. చివరి రెండంకెలు లోపలి రంధ్రం. 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17, అక్కడి నుంచి అంకెను ఐదుతో హెచ్చవేసుకోవడమే, 04 అంటే 20. ఈ కొలతలు ప్రపంచమంతా ఒక్కటే. స్వీడన్‌లో 1907లో పుట్టిన ఎస్‌కేఎఫ్ చేసినా, జైపూర్‌లో 1946లో మొదలైన ఎన్‌బీసీ చేసినా 6202 అంటే 6202నే. మీ నెత్తిన తిరిగే సీలింగ్ ఫ్యాన్లో కూడా చాలావరకు అదే నంబరు. కాబట్టి బండి కంపెనీ పేరున్న కవర్లో ఉన్నదే కావాలని పట్టుబట్టక్కర్లేదు. పట్టుబట్టాల్సింది నంబరు పక్కనున్న అక్షరాల మీద. 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, దుమ్మును కొంత ఆపుతుంది, నీటిని ఆపలేదు. మన వానలకు, మన వాటర్ సర్వీసులకు రబ్బరుదే సరి. ఇక న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చే విడి బేరింగు తీసుకోవద్దు. పెద్ద కంపెనీల పేరుతో నకిలీలు తిరుగుతున్న మాట నిజం. పెట్టె మీది కోడును ఫోన్‌తో సరిచూసుకునే యాప్‌లు కొన్ని కంపెనీలు పెట్టాయి, వాడుకోండి, బిల్లు అడగండి. సీలు ఊడబీకి ఇంకాస్త గ్రీజు కూరే ఉదారులుంటారు, వాళ్లనూ ఆపండి. ఫ్యాక్టరీలో లోపలి ఖాళీలో మూడో వంతు దగ్గర గ్రీజు కొలిచి పెడతారు. నిండా కూరితే అది మథనపడి వేడెక్కుతుంది.

ఇంత చదివాక మెకానిక్‌ల మీద కోపం వస్తే అది నా రాతలో లోపం. వాళ్ల వైపు నుంచి చూడండి. రోజుకు ఎన్ని బండ్లు తిరిగితే ఇల్లు గడుస్తుందో వాళ్లకు తెలుసు. బేరింగు పని మజూరీ అంటూ మనం ఇచ్చేది పంక్చర్ వేసినవాడికి ఇచ్చేదానికన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ డబ్బుకు హీట్ గన్ కొనడు, ప్రెస్ కొనడు, గొట్టం పొడవు కొలవడు. నాకు తెలిసిన ఒక మెకానిక్‌తో ఈ మాటే అన్నాను. "బేరింగులు నేనే తెస్తాను, మజూరీ ఐదొందలు తీసుకో, చక్రం రేపు ఇవ్వు" అంటే నవ్వాడు. "మీకు మీరు చెప్పినట్టే చేస్తానండి. నాకు చేతకాక కాదు. కానీ అందరూ మీలాగా చక్రం వదిలి వెళ్తారా? అరగంట దాటితే పక్క షెడ్డుకు పోతారు" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. చక్రం మర్నాడు ఇచ్చాడు, వేలితో తిప్పితే చప్పుడు లేదు, మజూరీ మాత్రం నాలుగొందలే తీసుకున్నాడు.

"ఐదొందల మజూరీయా? ఇంత పాత బండికా?" అంటారు. మరి బేరింగు ఏడాదికి రెండుసార్లు మార్పించుకునేవాడు ఏటా ఎంత పెడుతున్నాడు? అదీ కాక, బేరింగు పోయినా నడుపుతూ పోతే డబ్బు ఒక్కటే కాదు పోయేది. లోపల బాల్స్‌ను పట్టుకునే పంజరం విరిగితే చక్రం ఒక్కసారిగా బిగిసిపోవచ్చు. ముందు చక్రమైతే వారధి మీద అరవైలో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకొందరు, ఈ గోలంతా ఎందుకు, కొత్త బండి కొనుక్కోమంటారు. కొనండి, స్తోమత ఉంటే. కానీ కొత్త బండిలో ఉన్నవీ ఇవే బేరింగులు, కొట్టేదీ ఇదే వాటర్ గన్ను. పదిహేనేళ్లు నిండి, ఆర్సీ రెన్యువల్ చేయించి మరో ఐదేళ్లు తిప్పుకుందామనుకునే బండిలో ఇంజను బాగుండి, ఫ్రేము వంగకుండా ఉంటే, చక్రాల దగ్గర ఒకసారి శ్రద్ధగా పని చేయించినందుకు ఆ ఐదేళ్లూ అది మళ్లీ గుర్తుకు రాదు.

షోరూములో ఇస్తే ఈ బాధ ఉండదు కదా అన్నది ఇంకో మాట. కొన్నిచోట్ల నిజమే, ప్రెస్ ఉంటుంది, పద్ధతి ఉంటుంది. పాత మోడల్ బండిని మాత్రం అక్కడా అయిష్టంగానే చూస్తారు, పని ఎవరి చేతిలో పడుతుందో మనకు కనపడదు. కళ్లముందు చేసే వీధి మెకానిక్‌కు సమయం ఇచ్చి చేయించుకోవడమే నాకు నయమనిపిస్తుంది.

చక్రం తిరిగి బిగించాక ఒక్కటి మాత్రం మీరే వంగి చూసుకోండి. వెనక డ్రమ్ము బ్రేకు ప్లేటును ఫ్రేముకో స్వింగార్మ్‌కో కలిపే రాడ్డు చాలా బండ్లకు ఉంటుంది. ఆ నట్టు, దాని పిన్ను మరిచిపోతే బ్రేకు తొక్కగానే ప్లేటు మొత్తం చక్రంతో పాటు తిరుగుతుంది. చైను వేలితో పైకెత్తితే రెండు, మూడు సెంటీమీటర్లు ఆడాలి. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించాక చక్రం మళ్లీ ఒకసారి తిప్పి చూడాలి, వదులుగా ఉన్నప్పుడు తిప్పి చూసినదానికి లెక్క లేదు.

తీసిన పాత బేరింగులను షెడ్డులో వదిలేయకండి, అడిగి తెచ్చుకోండి. సీలు పిన్నీసుతో లేపి కిరోసిన్‌లో కడిగితే కథంతా కనిపిస్తుంది. గ్రీజు పాలరంగులోనో మట్టిరంగులోనో ఉంటే నీళ్లు. రేసు నీలం రంగుకో గోధుమ రంగుకో తిరిగి ఉంటే బిగింపు ఎక్కువై కాలింది, గొట్టం చూసుకోవాలి. బాల్స్ ఎడంతో సమానంగా గుంటలుండి ఎక్కడా తుప్పు లేకపోతే సుత్తి. బయటి రింగు వీపు మీద మెరుపు గానీ ఎర్రటి పొడి గానీ ఉంటే అది హబ్బులో తిరిగింది, కొత్త బేరింగు ఎన్నిసార్లు వేసినా నిలవదు, చక్రం తీసుకుని ఆటోనగర్ పోవాల్సిందే.